సంత దగ్గర పది నిమిషాలు

సంత గేటు ముందుకు రాగానే బస్సు మళ్ళీ ఆగింది.

"ఇంజను వేడెక్కిందమ్మా. పది నిమిషాలు చల్లారనిచ్చి పోదాం," అన్నాడు డ్రైవరు, వెనక్కి తిరగకుండానే.

"రోజూ ఇక్కడికొచ్చేసరికే దానికి జ్వరమొస్తుందేం, రిపేరు బాబాయీ?" వెనక సీట్లోంచి ఎవరో అన్నారు.

"పెద్ద వయసమ్మా దానికి. నాలాగే."

అతను దిగి, ఇంజను మూత ఎత్తి, లోపలికి తల పెట్టాడు. బస్సులో నవ్వులు లేచాయి.

గుండీలక్క నవ్వలేదు.

పొద్దుట్నుంచీ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి గుండీలు కుట్టీ కుట్టీ ఆవిడ కళ్ళు లాగేస్తున్నాయి. ఊరి చివర కాలనీలో ఏడింటికి కుళాయి వదులుతారు, ఏడున్నరకి కట్టేస్తారు. ఈ పది నిమిషాలూ ఇక్కడ పోతే ఆవిడ బకెట్టు వరసలో ఆఖరిది. ఇంట్లో ఉన్నది కడుపుతో ఉన్న కూతురు. దానిచేత నీళ్ళు మోయించకూడదు.

ఎలాగూ ఆగింది కదా అని ఆడవాళ్ళంతా సంతలోకి నడిచారు. గుండీలక్కా నడిచింది. రోజూ జరిగే కూరల సంత అది; సర్దేసే వేళ, ఇట్టే బేరం తెగుతుంది. రెండు కట్టల ఆకుకూర, గుప్పెడు చిక్కుళ్ళు, నాలుగు టమాటాలు సంచిలో వేసుకుని, గొణుక్కుంటూనే బస్సెక్కింది.

"బండిని చూసుకోవడం చేతకానివాడికి స్టీరింగు ఎందుకిచ్చారో," అంది పక్కింటి వదినతో.

"పోనిద్దూ. కూరలైనా దొరుకుతున్నాయి."

"కూరలు సరే. కడుక్కోవడానికి నీళ్ళుండొద్దూ?"

ఆ వారం రెండుసార్లు ఆవిడ కుళాయి దగ్గర్నుంచి ఖాళీ బకెట్టుతో తిరిగొచ్చింది. మూడోసారి బస్సు దిగేసరికి, కూతురే నిండు బకెట్టు పట్టుకుని, గోడ ఆసరాతో మూడో అంతస్తు మెట్లెక్కుతోంది.

ఆదివారం గుండీలక్క బస్సు డిపోకి కాగితం రాయించింది. సంత దగ్గర బస్సు ఆపడం మాకు ఇబ్బందిగా ఉంది, డ్రైవరుని మార్చండి అని. ముప్ఫై రెండు మంది సంతకాలు పెట్టారు. మొదటి సంతకం ఆవిడది.

పది రోజులకి, సంత దగ్గర మూత ఎత్తుతూ డ్రైవరు అన్నాడు.

"రేపట్నుంచి వేరే ఆయన వస్తాడమ్మా. ఇవాళ కాస్త ఎక్కువ కొనుక్కోండి."

ఎందుకన్నాడో ఎవరూ అడగలేదు.

కొత్త డ్రైవరు కుర్రవాడు. సంత ముందు నుంచి అదే బస్సుని రివ్వున పోనిచ్చాడు. ఏడింటికి పది నిమిషాలుండగానే కాలనీలో దించాడు. కుళాయి దగ్గర గుండీలక్క బకెట్టు మొదటిది.

"ఇంజను వేడెక్కట్లేదా నాయనా?" అనడిగింది మర్నాడు.

"ఎందుకెక్కుతుందండీ? రెండేళ్ళు కూడా నిండని బండి."

"చూశావా వదినా," అందావిడ. "అంతా తోలేవాడి చేతిలో ఉంది."

కాలనీ మొత్తానికీ కొట్టు ఒక్కటే. చిప్స్, బిస్కెట్లు, నూడుల్స్, సీసాల్లో రంగునీళ్ళు. కూరలంటే ఓ మూల మొలకలొచ్చిన బంగాళాదుంపలు. సంతకి విడిగా పోదామంటే దగ్గర స్టాపు నుంచి మైలున్నర, అదీ లారీలు తిరిగే రోడ్డు పక్కన నడక. ఫ్యాక్టరీ నుంచి అటు పోయి ఇంటికొచ్చేవాళ్ళు ఎవరు? మొదటి వారం ఎవరికీ లోటు తెలియలేదు. నూడుల్స్ రెండు నిమిషాల్లో ఉడుకుతాయి, గిన్నె కడిగే పని కూడా తక్కువ.

నెల తిరిగాక ఆరోగ్యకేంద్రంలో నర్సు కూతురి రక్తపరీక్ష చీటీ చూసి కళ్ళద్దాలు తీసింది.

"పదిన్నర ఉన్న రక్తం ఎనిమిదికి దిగిందేమిటి? ఈ రక్తంతో కాన్పంటే ఇక్కడ మేం చెయ్యలేం. ఏం పెడుతున్నావు దీనికి?"

"మీరిచ్చిన మాత్రలు వేస్తూనే ఉన్నానండీ," అంది గుండీలక్క.

"మాత్రలొక్కటే చాలవమ్మా. ఆకుకూరలేవి, కాయగూరలేవి? పోయిన నెల దాకా తిన్నట్టే ఉందే."

"అప్పుడు బస్సు ఆగేదండీ," అంది కూతురు.



మర్నాడు గుండీలక్క సగం రోజు సెలవు పెట్టి బస్సు డిపోకి వెళ్ళింది.

"సంత దగ్గర సాయంత్రం బస్సు ఆపించాలండీ. పది నిమిషాలు చాలు," అంది గుమాస్తాతో.

అతను కాలనీ పేరు అడిగి బీరువాలోంచి ఒక ఫైలు తీశాడు.

"ఇది కొత్త కోరికేం కాదమ్మా. మూడేళ్ళుగా మూడు నెలలకొక అర్జీ వస్తూనే ఉంది. ఆమధ్య మా పెద్దసారు సరేననబోయారు కూడా."

"మరి?"

"ఈలోగా ప్రయాణికులే వద్దని రాసిచ్చారు. ఇంకేం చేస్తారు? ఫైలు మూసేశారు. మళ్ళీ రూట్లు చూసేది వచ్చే ఏడాదే."

"వచ్చే ఏడాదా? మా అమ్మాయికి ఇంకా రెండు నెలలేనండీ."

గుమాస్తా ఫైలు ఆవిడ వైపు తిప్పాడు. పై కాగితం మీద, ముప్ఫై రెండు సంతకాలకీ మొదట్లో, తన వంకర సంతకం ఉంది.

ఆ కాగితం పక్కకి తీసింది. కింద పన్నెండు అర్జీలు, అన్నీ ఒకే గుండ్రటి చేతిరాత. కూడబలుక్కుని చదివింది.

'ఆ కాలనీలో కూరలు దొరకవు. ఆడవాళ్ళూ పిల్లలూ పాలిపోయి ఉంటున్నారు. సంత దగ్గర పది నిమిషాలు ఇప్పించ ప్రార్థన.'

"మాకోసం ఇన్నిసార్లు రాసినవాళ్ళెవరండీ, మా కాలనీలో?"

"మీ కాలనీ మనిషి కాదు. కిందుంది, చూడండి."

ఆవిడ వేలు ఆఖరి వరస దాకా జారి ఆగింది: 'ఇట్లు, మీ విధేయుడు, ఆ రూటు బస్సు డ్రైవరు.'