పాయింటు తర్వాత మూడు

"పాయింటు తర్వాత ఒక్క అంకేనా? మిగతావి ఏవమ్మా?"

కెన్యాలోని కిసుము పిల్లల ఆసుపత్రిలో, మందుల మోతాదు చూపే తెర మీద వేలు పెట్టి అడిగాడు ఓ ముసలాయన. కాళ్లకు టైరు చెప్పులు, చంకలో గొడుగు.

ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునే అకెయోకు ఒళ్లు మండింది. ఆ ప్రోగ్రామును పొద్దున్నే తను మార్చింది. గజిబిజిగా ఉన్న పొడవాటి అంకెలను ఒక్క స్థానానికి కుదించి, వరుసలు చక్కగా తీర్చింది.

"చూడ్డానికి బాగుండాలని తీసేశా తాతా. నీకెందుకొచ్చిన గొడవ?"

"బాగుండక్కర్లేదు తల్లీ, మూడుండాలి. మళ్లీ పెట్టెయ్. నీకు దండం పెడతా."

"చేపల బజారనుకున్నావా, బేరాలాడటానికి? వాచ్‌మన్ అన్నా, ఈయన్ని గేటు దాటించు!"

ముసలాయన తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"మరీ చిన్న పిల్లల మోతాదు ఒక్కసారి చూడమ్మా."

ఆయన పోయాక అకెయో నవ్వుకుంది. చూస్తే పోయేదేముందని తెర మీద నాలుగో మంచం వివరాలు తెరిచింది. నిన్న పుట్టిన పాప అకోత్, గుండె మందు.

డాక్టరు రాసింది 0.05.

తెర చూపిస్తున్నది 0.1.

రెట్టింపు!

లేచి వార్డుకు పరుగెత్తింది.

అక్కడ నర్సు అవూర్ సూది పట్టుకుని ఉంది, పక్కన ఇంకో నర్సు. ఎక్కించే ముందు అంకెను ఒకరు చదవాలి, ఇంకొకరు తిరిగి చెప్పాలి. అక్కడి పద్ధతి అది.

"సున్నా పాయింటు ఒకటి."

"సున్నా పాయింటు ఒకటి."

తెర మీద ఉన్నదాన్నే ఇద్దరూ పొల్లుపోకుండా చెప్పారు.

"అక్కా, ఆపు! నీ కాళ్లకు మొక్కుతా, ఆపు!"

సూది వేలెడు దూరంలో ఆగిపోయింది.

"ఏమైందమ్మా?" పాప తల్లి బిత్తరపోయి అడిగింది.

అకెయో నర్సుల వైపు తిరిగింది.

"తెర చూడొద్దు. డాక్టరు కాగితమే చూడండి" అని చెప్పి, గేటు దగ్గరకు ఉరికింది.

"ఆయనేడీ అన్నా?"

"మటాటూ వ్యాన్ ఎక్కేశాడు. మీరేగా పంపించమంది?"

వాచ్‌మన్ పుస్తకం చూపించాడు. లోపలికొచ్చే ప్రతివాళ్లూ అందులో రాయాల్సిందే. పేరు: ఒగ్వెనో. వచ్చిన పని: కొత్త తెర చూడాలి.

అకెయో వెనక్కి వచ్చి, పొద్దున చదవకుండానే చెరిపేసిన పాత ప్రోగ్రాం వరుసలను మళ్లీ పెట్టింది.

వాటి పైన ఆ ప్రోగ్రాం మొదట రాసినవాడి మాట ఉంది: "నేనూ ఒక్క అంకెకే కుదించాను, నా కూతురు ఈ వార్డులోనే పోయింది, మూడుకన్నా తగ్గించకండి. ఒగ్వెనో."