మూల మీద కట్టిన పట్ట

"సక్కగ కట్టు అంటే నీకు సమజ్ కాదా?" అంది స్వరూప.

"మూల మీదనే కడత," అన్నాడు తిరుపతి, తాడు కొస పళ్ళతో పట్టుకొని.

వడ్డేపల్లి అవతల, మిరప కల్లం పక్కన, రెండు వేపచెట్ల నడుమ చీర ఊయల వేలాడుతోంది. అందులో వాళ్ళ పసిపిల్ల నిద్రపోతోంది. ఊయల మీదికి నీడగా ఒక చదరపు టార్పాలిన్ పట్ట. దాన్ని ఎలా కట్టాలన్నదే పొద్దున్నుంచి మొగుడూ పెళ్ళాల జగడం.

"సక్కగ కడితే రెండు దిక్కుల కిందికి దిగుతది. గాలి రాదు, జల్లు రాదు."

"పిల్ల కూడ కనవడదు. మూల మీద కడితే రెండు మూలలు చెట్లకు, రెండు మూలలు మేకులకు. కల్లంల నిలవడి చూస్తే ఊయల కండ్ల ముందటే ఉంటది."

"గాలి లేస్తే?"

"నా కట్టు ఊడాలంటే గాలి సాలదు, నీ నోరు లేవాలె."

కాయలు తిరగేస్తున్న అత్త నారాయణమ్మ నవ్వింది. "ఈ కాయల కంటె మీరిద్దరే ఘాటున్నరు గద!"

స్వరూప నవ్వలేదు. పిల్లకు నెమ్ము చేసి, గద్వాల దవాఖాన నుంచి మొన్ననే తెచ్చుకున్నారు. మళ్ళీ తడిస్తే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది. కాయలు ఎండేదాకా ఇంటిల్లిపాదీ కల్లంలోనే ఉండాలి గనుక పిల్లను ఇక్కడికి తేక తప్పలేదు. కావలి గుడిసెలో ఉక్కపోస్తుందని చెట్ల నడుమ ఊయల కట్టారు.

చివరికి తిరుపతి మాటే నెగ్గింది.

మధ్యాహ్నం ఊయల దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. ముసలామె. భుజాన సంచి. పిల్లను చూసి తనలో తను నవ్వుకుంటోంది.

"ఎవరమ్మా నువ్వు?" అంది స్వరూప.

ఆమె కన్నడంలో ఏదో అని, బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించింది. స్వరూప చెంబుతో నీళ్ళిచ్చింది. తాగి, చెంబు చేతికిస్తూ ఆమె పిల్ల బుగ్గ తాకింది.

"చెయ్యి తియ్యి!" నారాయణమ్మ కేకేసింది. "స్వరూపా, ఫోన్ల చూపెట్టలేదా తిరుపతి? పిల్లల్ని ఎత్కపోయేటోళ్ళు గిట్లనే నీళ్ళు అడుక్కుంట వస్తరంట!"

స్వరూప ఊయలకు అడ్డంగా నిలబడింది. "పో అవ్వా, పో."

ఆమె పోయింది. పోయి బాట పక్కన కాలువ మోరీ గట్టు మీద కూర్చుంది. కూర్చుని ఇటే చూస్తోంది.

"కదుల్తలేదు సూడు," అంది నారాయణమ్మ.

"నేను చూస్తున్న గద," అన్నాడు తిరుపతి. "ఊయల నా కండ్ల ముందటే ఉన్నది."

పొద్దు వాలకముందే పడమటి దిక్కు నల్లబడింది. దుమ్ము లేచింది. ఆ వెనకే పెద్ద చినుకులు.

"కాయలు! కాయలు తడుస్తయి!"

ఏడాది కష్టం ఎర్రగా నేల మీద పరిచి ఉంది. ముగ్గురూ కల్లం మీద పడ్డారు. పెద్ద పట్ట ఒక కొస తిరుపతి లాగాడు, ఇంకో కొస నారాయణమ్మ రాళ్ళతో అణిచింది. గాలి పట్టను ఎత్తేస్తుంటే స్వరూప దాని మీద బోర్లా పడుకుంది.

తలెత్తి చూస్తే వేపచెట్లు లేవు. అంతా వానే.

"పిల్ల!"

ఉరికింది. బురదలో జారి పడింది. లేచేసరికి ఊయల కనిపించింది. దాని మీదికి వంగి ఒక మనిషి. ఆ ముసలామే. చెయ్యి ఊయలలో ఉంది.

"ఎత్కపోతుందయ్యో!"

తిరుపతి స్వరూపను దాటుకొని ముందుకు ఉరికాడు. "ఉండు, పోలీసోళ్ళకు సాక్ష్యం ఉండాలె," అంటూ ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. ఆ తర్వాత ముసలామె రెక్క పట్టి ఒక్క నూకు నూకాడు.

ఆమె బురదలో పడింది. వెంటనే పట్ట పైకి లేచి చెట్టుకు కొట్టుకుంది. స్వరూప పిల్లను పొదువుకొని గుడిసెలోకి పరుగెత్తింది.

ముసలామె ఏదో చెప్పబోయింది. చలికి పళ్ళు టకటకమంటుంటే మాట రాలేదు. నారాయణమ్మ రాయి ఎత్తింది. ముసలామె ముంజేయి రొమ్ముకు అదుముకొని, కుంటుకుంటూ బాట ఎక్కింది.

వాన వెలిసింది. దీపం పెట్టే వేళకు ముగ్గురూ గుడిసెలో జొన్నరొట్టెల ముందు కూర్చున్నారు.

"పిల్ల మీద సుక్క పడలే," అంది నారాయణమ్మ. "దేవుడే సూసిండు."

"దేవుడు గాదమ్మా, నా కట్టు." తిరుపతి ఫోన్ తీశాడు. "ఫొటో ఊరి గ్రూపులన్నిట్ల పెట్టిన. పిల్లల దొంగ, కనవడితే వదలకుండ్రి అని. ఎంతమంది పంపిండ్రో సూడు."

ఫోన్ మోగింది. అవతలి మాట విని అతని మొహం వెలిగిపోయింది.

"దొరికిందంట! బస్టాండు కాడ. మంది జమైతుండ్రంట."

"మంచిగ తన్నమను," అంది నారాయణమ్మ.

స్వరూప ఫోన్ లాక్కుంది. పిల్ల మీద చెయ్యి వేసిన ఆ మొహాన్ని దగ్గరగా చూడాలనుకుంది. వేళ్ళతో ఫొటోను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

కంచం పక్కకు జరిపి లేచి నిలబడింది.

"బండి తియ్యి."

"తినేటప్పుడు ఏడికే?"

"బస్టాండు కాడికి. పిల్లను ఎత్తుకొని నేనే మంది నడుమ నిలవడత. తప్పు మాది అని చెప్త. ఆమెను ఇంటికి తోలుకొస్తున్న, ఇగ మనతోనే ఉంటది."

"దొంగదాన్ని ఇంట్లకా? నీకు పిచ్చి గిట్ల లేసిందా?"

స్వరూప ఫోన్ అతని మొహం ముందు పెట్టింది.

ఆ ఫొటోలో ముసలామె ఒక చేత్తో పిల్ల మీద దుప్పటి సర్దుతోంది. ఇంకో చేతి మణికట్టుకు పట్ట మూల తాడు బిగుసుకొని ఉంది. ఊడిపోయిన మేకు నేల మీద పడి ఉంటే, దాని బదులు ఆమె నిలబడి ఉంది.