మగ్గం గొంతు

"'ఐ గో టు స్విమ్మింగ్' అనకు నాయినా. నడుమల 'టు' రాదు," ఆల్థాన్ అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర కూతురు సంతోషి ఆఖరిసారి చెప్పింది.

లింగమూర్తి తలూపాడు. ఈత ఊరి బావిలోనే వచ్చింది, రానిది ఇంగ్లీషే. తను పనిచేసే పాండేసర మిల్లులో మగ్గాల చప్పుడుకు చెవులు దిబ్బడ పడుతున్నాయి. ఈ ఈతకొలను కాపలా పని దొరికితే ఆ పీడ వదులుతుంది.

కొలను నిండా పిల్లలు. టైం అయిపోయినా ఒక్కరూ బయటికి రావడం లేదు. విజిల్ ఊది ఊది మేనేజరు బుగ్గలు ఎర్రబడ్డాయి.

"డు యూ స్విమ్?" అన్నాడు విసుగ్గా.

లింగమూర్తి గుండె నిండా గాలి పీల్చుకుని, మగ్గాల నడుమ పక్కవాణ్ణి పిలిచే గొంతుతో జవాబిచ్చాడు. "ఐ గో స్విమ్మింగ్ డైలీ, సర్!"

పిల్లలంతా గబగబా గట్టెక్కి వరుసగా నిలబడ్డారు. వాళ్ల వెనకాల ఒక బట్టతల పెద్దమనిషి కూడా.

సంతోషి తల పట్టుకుంది. "జర మెల్లగ, నాయినా! పాయె, పని పాయె."

మేనేజరు ఖాళీ అయిన కొలనువైపు చూసి, విజిల్ జేబులో వేసుకున్నాడు.

"కల్ సే ఆ జావో," రేపట్నించే పనిలోకి రమ్మన్నాడు.

దారిలో లింగమూర్తి అడిగాడు. "బిడ్డా, నడుమల 'టు' పెట్టిననా?"

"ఏమో నాయినా, నా చెవులు ఇంకా గుయ్యిమంటున్నయి."