పెట్టని చుక్క

"తలుపు కాడ ఎవరమ్మా? బయట కూచో!"

హిందూపురం స్కానింగ్ సెంటరులో కంప్యూటరు ముందు కూర్చున్న సుధాకర్ తల తిప్పకుండానే కసిరాడు.

తెరమీద చౌడప్ప కిడ్నీ తిరుగుతోంది. కిడ్నీకి పచ్చ రంగు, గడ్డకు ఎర్ర రంగు కంప్యూటరే పూస్తోంది.

సోమందేపల్లి నేతగాడు చౌడప్పకు పనిచేసే కిడ్నీ అదొక్కటే. గడ్డ విడిగా ఉంటే గడ్డను మాత్రమే కోస్తారు. రక్తనాళంలోకి పాకి ఉంటే కిడ్నీనే తీసేస్తారు.

ఎరుపు నాళంలోకి పాకింది.

పక్కనే నిలబడ్డ కూతురు మల్లిక తెర దగ్గరికి వంగింది.

"ఆ ఎరుపు తప్పబ్బా," అంది తలుపు దగ్గర నిలబడ్డ నడివయసు ఆడమనిషి. నలిగిన నూలు చీర, చెమట పట్టిన మొహం. "కంప్యూటరు బొమ్మలోని పక్కపక్క చుక్కల్ని ముడేసి, ముడి వదులుగా ఉండేచోట తెంపుతాది. ఈడ నాళం, గడ్డ ఒకే మసక. ముడి గట్టిదనుకోని కలిపేసింది. ఇది నాళమని గుర్తుగా దాని మీద ఒక చుక్క పెట్టి ప్రోగ్రాము మళ్లా నడిపించు."

"యాడ చదివినావమ్మా డాక్టరు కోర్సు? సోది చెప్పేదాని మాదిరి ఉండావే!" సుధాకర్ ఎగతాళి చేశాడు.

"అది కాదబ్బా, నేను..."

మల్లికకు ఒళ్లు మండింది. దారిన పోయే మనిషి నాయన ఒంట్లోకి తొంగి చూడడమా!

"మా నాయన కడుపులోది నువ్వెందుకు చూస్తాండావు? పో ఆడికి!"

తలుపు మల్లికే వేసింది.

పెద్దాసుపత్రిలో ఆ రంగుల బొమ్మను నమ్మి కిడ్నీ తీసేశారు. తీసినదాన్ని పరీక్షించి నెల తర్వాత రిపోర్టు ఇచ్చారు. గడ్డ నాళాన్ని తాకనే లేదు.

చౌడప్పకు ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. మగ్గం గుంతలోకి దిగే ఓపిక కూడా లేదు.

మల్లిక ఆ రిపోర్టును సుధాకర్ మొహాన కొట్టింది.

"ఒక్క చుక్క పెట్టేదానికి నీ చేతులు పడిపోయినాయా?"

"నన్నంటావేంది పాపా? తలుపేసింది నువ్వు గదా!"

మల్లిక పళ్లు కొరికింది. "ఈ ప్రోగ్రాము కంపెనీకి ఫోన్ చెయ్. నా ముందరే చెయ్."

సంగతంతా విన్నాక స్పీకరులో మగగొంతు పలికింది. "ఆ తప్పు మాకు తెలుసు సార్. సరిచేసేదానికి ధర్మవరం మేడమ్ పోయిన నెలే మీ సెంటరుకు వచ్చిందే? లోపలికి రానీలేదంట!"

"ఎవురు ఆ మేడమ్?" మల్లిక అరిచింది.

"ఫోన్లో చెప్తే ఎవురూ వినలేదని, తను రాసిన ప్రోగ్రాములో తప్పును తనే దిద్దాలని, సెంటరు సెంటరుకూ బస్సుల్లో తిరుగుతాండాదమ్మా."