తామ్వేలో అమెరికా పన్నులు

“సాల్లే మావా, కట్టెయ్. ఆడొచ్చాడు.”

గంగాభవాని పరాటా తిప్పుతూ, పెదవులు కదిలీ కదలకుండా అంది. మొగుడు అప్పయ్య వినిపించుకుంటేనా. బర్మాలో, తామ్వే పేటలో ఆ చిన్న టీ దుకాణం వాళ్లిద్దరిదీ. ఆమె పెనం దగ్గర చెమటలు కక్కుతుంటే, ఆయన గిరాకీల మధ్య పొట్టి స్టూలు వేసుకుని, చేతిలో ఫోను పట్టుకుని, తీరుబడిగా అమెరికాను చక్కబెడుతున్నాడు.

అప్పయ్యకు అమెరికాలో ఇల్లు లేదు, ఓటు లేదు, దూరపు చుట్టం కూడా లేడు. అయినా పొద్దున లేస్తే ఫోనులో అక్కడి పెద్దమనుషుల ఉపన్యాసాలు వినాల్సిందే. వాళ్ల పన్నుల మాటెత్తితే సొంత జేబు కత్తిరించినట్టు గింజుకుంటాడు.

గంగాభవాని ‘ఆడు’ అన్నది మూల బల్ల దగ్గర కూర్చున్న వార్డు ఆఫీసు గుమాస్తాని. సైనిక సర్కారును ఎవరేమన్నారో పైకి మోసేస్తాడని వీధంతా చెప్పుకుంటుంది. ముందున్న టీ చల్లారిపోతున్నా తాగడం లేదు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. వీధి చివర దుకాణం మూతపడింది ఇలాంటి వాగుడు వల్లేనని ఆమె నమ్మకం. ఇది కూడా మూతపడితే తిండికి దారి లేదు.

“ఎవడొత్తే నాకేటి? నేను మాటాడతన్నది అమెరికా గురించి,” అన్నాడు అప్పయ్య. అక్కడితో ఆగాడా? అందరికీ అర్థం కావాలని తెలుగు వదిలి బర్మీసులోకి దిగాడు. “మడిసి ఒళ్లొంచి సంపాదిత్తాడు. ఆ డబ్బు ఇంటికి సేరకముందే సర్కారు కోసేసుకుంటాది. ఎందుకంటే నీ మంచికే అంటాది. నా మంచి నాకు తెల్దేటి? సర్కారన్నాక సిన్నదిగా ఉండాల. జనం జేబులో సెయ్యెట్టకూడదు.”

పక్క బల్లల వాళ్లు తినడం ఆపి తలలూపారు. మరీ అంత గట్టిగా ఊపడం దేనికో గంగాభవానికి అర్థం కాలేదు. అమెరికా పన్నులకు తామ్వే జనం ఇంతలా కుమిలిపోవడమేమిటి?

“పన్ను కట్టాపోతే రోడ్లెవడేత్తాడన్నా?” అన్నాడు టాక్సీ నడిపే బాబూరావు. అప్పయ్యతో వాదించనిదే అతనికి టీ దిగదు. “ఆసుపత్రులెవడు కడతాడు?”

“సర్కారు కట్టినాక అడుగు,” అన్నాడు అప్పయ్య.

దుకాణం దుకాణమంతా గొల్లుమంది. ఒకాయనకు పొలమారింది కూడా. అదంతా తన మాటకారితనమే అనుకుని అప్పయ్య మురిసిపోయాడు.

బాబూరావు వదల్లేదు. “సరే, పన్నుల సంగతి వొగ్గెయ్. బయటోళ్లని గెంటెయ్యాలంటావేటి? మన తాతలు ఓడ దిగి రేవులో మూటలు మోసినోళ్లే గదా. ఆళ్లని అప్పుడే గెంటేసుంటే నువ్వీడ కూకుందువా?”

“ఆళ్లు దొంగతనంగా రానేదు. పనుంది రండి అంటే వచ్చారు. పిలిత్తే వచ్చినోడు వేరు, గోడ దూకినోడు వేరు. అమెరికావోడు తనింటికి గోడ కట్టుకుంటే తప్పేటి?”

“పొట్ట సేత్తో పట్టుకుని వచ్చినోడిని ఎవడు పిలుత్తాడన్నా?”

అప్పయ్య స్టూలు ముందుకు జరిపాడు. “అందుకే సట్టం సరిగ్గా ఉండాలంటన్నాను. ఎవడు రావచ్చో, ఎవడు రాకూడదో సర్కారు ముందే సెప్పాల. సెప్పిన మాట మీద నిలబడాల. నిలబడనేనోడు కుర్సీ దిగిపోవాల.”

వెనక బల్ల నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. ఒకరిద్దరు కంగారుగా అటు తిరిగి చూశారు. పెనం మీద పరాటా మాడుతోంది. గంగాభవానికి అప్పుడు వెలిగింది. గబగబా వచ్చి మొగుడి చెవిలో తెలుగులో అంది.

“నువ్వు అమెరికా అంటన్నావు మావా. ఇనేవోళ్లు ఇక్కడి సంగతే అనుకుంటన్నారు.”

అప్పయ్య చుట్టూ ఉన్న మొహాలను ఒక్కొక్కటే చూశాడు. ఒకడు కన్ను కొట్టాడు. ఇంకొకడు గుండె మీద చెయ్యేసుకుని దండం పెట్టాడు. అప్పయ్య చేతిలోని ఫోను జారి నేల మీద పడింది.

సరిగ్గా అప్పుడే గుమాస్తా లేచాడు. అతను తిన్నగా వచ్చి అప్పయ్య ముందు నిలబడ్డాడు.

“ఊ అప్పయ్య మీరేనా?” అన్నాడు, బర్మా వాళ్ల మర్యాద ప్రకారం పేరు ముందు ‘ఊ’ చేర్చి.

“నేనేనండి. అదంతా అమెరికా సంగతండి. ఒట్టండి. ఇక్కడి మాట ఒక్కటీ అన్లేదండి.”

“వారం నుంచి వింటున్నాను.”

గంగాభవాని మొగుడికి అడ్డం వచ్చి నిలబడింది. “ఈయనకి బుర్ర తక్కువయ్యా. ఆ ఫోను ఇప్పుడే పొయ్యిలో పడేత్తాను. దుకాణం జోలికి మాత్రం రాకండి. ఇది పోతే మేం అడుక్కుతినాల.”

గుమాస్తా అటూ ఇటూ చూసి, స్టూలు లాక్కుని అప్పయ్య మోకాళ్లకు మోకాళ్లు తగిలేలా కూర్చున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

“పన్నుల గురించి చెప్పారు. వలసల గురించి చెప్పారు. సైన్యం ఊసు ఒక్కసారీ ఎత్తలేదు.”

“సైన్యమాండి?”

“అమెరికాలో కుర్రాళ్లను బలవంతంగా సైన్యంలోకి తీసుకుపోతున్నారు కదా. రేపు దాన్ని కూడా తిట్టండి. గట్టిగా తిట్టండి.”

ప్రాణం మీదికొచ్చినా సరే, అమెరికా విషయంలో తప్పుడు మాట ఒప్పుకునే మనిషి కాదు అప్పయ్య. “అమెరికాలో ఇప్పుడలాంటిది లేదండి,” అన్నాడు.

“లేదని నాకూ తెలుసు,” అన్నాడు గుమాస్తా. “మా అబ్బాయికి నిన్న పిలుపొచ్చింది.”