తెగిన గొలుసులు

"మళ్లీ తెగ్గొట్టావా?" వదిన తన ఫ్లాస్కు మూత తీసి, దాని మీదికి వంగి మరీ నిలదీసింది.

పక్క బల్ల దగ్గరున్న మరదలు తల తిప్పలేదు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే ల్యాబు. గ్లూకోజు అణువులను ఎంజైములతో ఒకదానికొకటి అతికించి, పిండిపదార్థం లాంటి గొలుసులను కోరిన పొడవులో తయారు చెయ్యడం వాళ్ల పని. వారం రోజులుగా వదిన గొలుసులే ముక్కలవుతున్నాయి.

"నీ ఫ్లాస్కుకేమో ఏమీ కాదు. నా దాంట్లోనే ఎవరో ఏదో కలుపుతున్నారు. ఎవరో నాకు తెలీదనుకోకు."

"మొన్న మీరు సెలవు పెడితే మీ ఫ్లాస్కు నేనే చూశాను కదా వదినా. ఒక్క గొలుసూ తెగలేదు."

"తెగదు మరి. నేను ఎదురుగా ఏడుస్తుంటే కదా నీ కడుపు చల్లబడేది."

మరదలు ఇటు తిరిగింది. "పిండిపదార్థాన్ని ముక్కలు చేసే ఎంజైము మనిషి ఒంట్లో మొదట ఎక్కడుంటుంది వదినా?"

"ఉమ్మిలో. నాకే పాఠాలు చెప్తున్నావా?"

ఆ మాటతోపాటే సన్నని తుంపర ఒకటి ఫ్లాస్కు అంచు మీద పడి మెరిసింది. వదిన కళ్లు దాని మీద పడ్డాయి.

గబుక్కున మూత పెట్టి, గడ్డం కింద వేలాడుతున్న మాస్కును ముక్కు మీదికి లాక్కుంది.

"ఇప్పుడు తిట్టండి వదినా," అంది మరదలు.