పస్తు పెట్టిన పురుగులు

"ఒక్క ఆకుకైనా చిల్లు పడిందా, యోనా?" మాస్కు గడ్డం కిందికి లాగి, దూరంగా నిలబడే అరిచాడు రైతు కొనర్.

యోనా మోకాళ్ల మీద కూర్చుని ఆకులు తిరగేస్తున్నాడు. ములింగార్ ఊరి అవతల కొనర్ ఆవులు మేసే బీడంతా డాక్ కలుపే. ఆ కలుపును తినే పచ్చ పెంకుపురుగుల్ని పెంచి, తెచ్చి వదలడం యోనా ఉద్యోగం. పొద్దున వదిలిన పురుగులేమో విందు ముగించిన పెళ్లివారిలా ఆకుల మీద బద్ధకంగా కూర్చున్నాయి.

"నిన్నంతా పస్తు పెట్టాను కొనర్! ఆకలికి ఈపాటికి ఈనెలు కూడా మిగలకూడదు."

"పోయినసారీ ఇదే చెప్పావు. తినకుండా కూర్చున్నవాటిని పిట్టలు తిన్నాయి. పిట్టలకైతే గ్రాండ్‌గానే ఉంది, నాకేంటి లాభం? రేపు కలుపుమందు కొట్టేస్తా. నువ్విక రానక్కర్లేదు."

మందు కొడితే ఈ పురుగుల ప్రయోగం పోయినట్టే. దాంతోపాటే యోనా ఉద్యోగమూ.

ఇంటికొచ్చి ఖాళీ డబ్బాను బల్ల మీద విసిరికొట్టాడు. లాక్‌డౌన్‌లో ల్యాబుకు తాళం పడ్డప్పట్నుంచి పురుగుల కాపురం అతని వంటింటి ప్రెస్‌లోనే, అంటే అల్మారాలో, గిన్నెల పక్కన.

"దరిద్రపు పురుగులు! నా ఉద్యోగానికే ఎసరు పెట్టాయి. కడుపు మాడ్చి తీసుకెళ్లినా ముట్టవేంటే?"

కోవిడ్ వార్డులో డ్యూటీ దిగి వచ్చిన భార్య లీలారాణి అన్నం వడ్డిస్తోంది. మాస్కు నొక్కిన గాట్లు ముక్కు మీద ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ముందు తినండి."

"మళ్లీ ఉత్త పప్పేనా? కుండీల్లో చుక్కకూర అంత ఏపుగా పెరిగిందిగా!"

"కోసేశా. అయిపోయింది."

"ఎవరు తిన్నారే? ఇంట్లో ఉన్నదే ఇద్దరం! ఆ డాక్ మన చుక్కకూరకు చుట్టమే. అక్కడ పురుగులకు సయించదు, ఇక్కడ నాకు దొరకదు. ఛీ, ఏం బతుకిది!"

లీలారాణి గరిటె పక్కన పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అరవకండి. నోట్లోకి ముద్ద పోకుండానే పోయేవాళ్లను వార్డులో రోజూ చూస్తున్నా. నా ఇంట్లోంచి కూడా ఖాళీ కడుపుతో ఎలా పంపనండీ? పోయినసారిలాగే పొద్దున మీరు స్నానానికి వెళ్లగానే ప్రెస్ తీసి, చుక్కకూరంతా వాటికే పెట్టేశా!"